ఇంటి లెక్క, ఇంటి కాఫీ, చేతి కెమెరా



గోదావరి ఒడ్డున వెలసిన నాందేడ్ నగరానికి తెలుగు కొత్త భాష కాదు. 1956 నవంబరు 1న భాషాప్రాతిపదికపై రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఈ జిల్లా, నేటి తెలంగాణ జిల్లాలు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. ఆనాడు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1న మహారాష్ట్రలో భాగమైంది. సరిహద్దు గీత మారినా రాకపోకలు ఆగలేదు. ముద్ఖేడ్, ఉమ్రీ, ధర్మాబాద్ దాటగానే బాసర వస్తుంది. అక్కడ గోదావరి వంతెన దాటితే నిజామాబాదు దారి. ఆ దారిన పని కోసం, చదువు కోసం, వ్యాపారం కోసం వచ్చి నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రసంగం సిద్ధమైంది. ఇందులో మూడు విషయాలున్నాయి: ఇంటి డబ్బు, ఇంటి కాఫీ, కెమెరా సంరక్షణ. మొదటిది కుటుంబానికి ఆధారం. రెండవది దినచర్య. మూడవది కొందరికి జీవనోపాధి, అందరికీ జ్ఞాపకాల భాండారం.

రెండిళ్ళ లెక్క

వలస వచ్చిన కుటుంబానికి ఇల్లు ఒకటి కాదు, రెండు. ఒకటి నగరంలోని అద్దె ఇల్లు. రెండవది ఊళ్ళో అమ్మానాన్నలున్న ఇల్లు. అద్దె, పాలు, కిరాణా, బడి ఫీజు మొదటి ఇంటి ఖర్చులు. మందులు, విత్తనాలు, పండుగ ప్రయాణం, బంధువుల పెళ్ళిళ్ళు రెండవ ఇంటి ఖర్చులు. చాలా కుటుంబాలు మొదటి ఇంటికి మాత్రమే లెక్క వేసుకుంటాయి. అందుకే దసరా నెలలోనో, పెళ్ళిళ్ళ నెలలోనో అప్పు తప్పదు. అది అనుకోని ఖర్చు అనిపిస్తుంది గాని నిజానికి ప్రతి సంవత్సరం వచ్చేదే.

దీనికి సులువైన ఉపాయం ఉంది. సంవత్సరంలో ఒకటి రెండు సార్లు మాత్రమే వచ్చే ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాయాలి. ఉదాహరణకు బడి ఫీజు 18,000 రూపాయలు, పండుగ ప్రయాణాలు 6,000, భీమా, ఇతర చిల్లర చెల్లింపులు 2,400 అయితే మొత్తం 26,400 రూపాయలు. దానిని 12తో భాగిస్తే నెలకు 2,200 వస్తుంది. జీతం అందిన రోజునే ఈ మొత్తాన్ని వేరే ఖాతాలోకి మార్చిన కుటుంబానికి దసరా నెల కూడా మామూలు నెలే. నెలాఖరున మిగిలినది దాచుదామనుకునే ఇంట్లో సాధారణంగా ఏమీ మిగలదు. ముందు దాచి, మిగిలిన దానితో గడుపుకొనే ఇంట్లో ఎంతో కొంత నిలుస్తుంది.

లెక్క పుస్తకం ఒక్కరి చేతిలో ఉండరాదు. రాసేది ఎవరైనా, నెలకొకసారి భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూడాలి. ఏ బ్యాంకులో ఎంత ఉంది, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ పాలసీకి ఎవరు నామినీ అన్న సంగతులు ఇద్దరికీ తెలియాలి. సంపాదించే మనిషికి హఠాత్తుగా ఏదైనా జరిగినప్పుడు, కాగితాలు ఎక్కడున్నాయో తెలియక నష్టపోయే కుటుంబాల బాధ చెప్పనలవి కాదు.

రూపాయి వడ్డీ, మూడు రూపాయల వడ్డీ

తెలుగువారు వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని లెక్కిస్తారు. బ్యాంకులు సంవత్సరానికి ఇంత శాతమని చెబుతాయి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడకపోవడం వల్లనే పొరపాట్లు జరుగుతాయి. రూపాయి వడ్డీ అంటే సంవత్సరానికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. “మూడే కదా” అని వినడానికి చిన్నదిగా తోస్తుంది. 50,000 రూపాయల అప్పుకు మూడు రూపాయల వడ్డీ అయితే నెలకు 1,500, సంవత్సరానికి 18,000 కట్టాలి. అదే అప్పు రూపాయి వడ్డీకి దొరికితే సంవత్సరానికి 6,000 సరిపోతుంది. తేడా 12,000 రూపాయలు. అసలు మాత్రం రెండు సందర్భాల్లోనూ అలాగే ఉంటుంది.

మహారాష్ట్రలో వడ్డీ వ్యాపారానికి 2014 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. వడ్డీ రేటుకు ప్రభుత్వం పరిమితి నిర్ణయిస్తుంది. లైసెన్సు లేనివారి దగ్గర ఖాళీ కాగితం మీదో, ఖాళీ చెక్కు మీదో సంతకం చేయడం ఇల్లు రాసిచ్చినంత ప్రమాదం. తప్పనిసరి అవసరం వస్తే ముందుగా బ్యాంకులో బంగారం తాకట్టు రుణం ఎంతకు వస్తుందో విచారించాలి. ఆ తర్వాతే ఇతర దారులు వెతకాలి.

జామీను సంతకం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జామీను అన్న మాట తెలుగులోనూ ఉంది, మరాఠీలోనూ ఉంది. రెండు చోట్లా బరువు ఒకటే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా లేకపోతే, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యత ఉందో జామీను ఉన్నవారికీ అంతే బాధ్యత. “పేరుకు మాత్రమే సంతకం” అనేది చట్టానికి తెలియని మాట. ఆ అప్పు మొత్తాన్ని తానే కట్టగలిగినప్పుడు మాత్రమే జామీను సంతకం చేయడం క్షేమం.

చీటీ, భిశీ

తెలుగువారు చీటీ అంటే మరాఠీవారు భిశీ అంటారు. పదిమంది కలిసి నెలనెలా డబ్బు వేసి, వంతులవారీగా తీసుకొనే ఈ పద్ధతిలో మంచి ఉంది. బ్యాంకు గడప తొక్కడానికి జంకే ఇల్లాలికి కూడా అది పొదుపు నేర్పింది. ఎన్నో పెళ్ళిళ్ళు, ఎన్నో కుట్టు మిషన్లు, ఎన్నో ఆటోలు చీటీ డబ్బుతోనే అయ్యాయి. అందుచేత చీటీని నిందించడం ఇక్కడి ఉద్దేశం కాదు. దాని లెక్కనూ చట్టాన్నీ తెలుసుకోవడమే ఉద్దేశం.

ఒక ఉదాహరణ. 20 మంది సభ్యులు నెలకు 5,000 చొప్పున 20 నెలలు కట్టే లక్ష రూపాయల చీటీ ఉందనుకుంటే, ఒక నెల పాటలో ఒకరు 20,000 తగ్గించి పాడితే వారి చేతికి 80,000 వస్తుంది. తగ్గించిన 20,000లో చీటీ నడిపేవారి కమీషను 5,000 పోగా 15,000 మిగులుతుంది. దానిని 20 మందికి పంచితే ఒక్కొక్కరికి 750. ఆ నెల ప్రతి సభ్యుడూ కట్టవలసినది 4,250. ముందుగా పాడుకున్నవారికి అది అప్పు. చివరిదాకా ఆగినవారికి అది పొదుపు. అవసరం లేకపోయినా మొదటి నెలల్లోనే ఎక్కువ తగ్గించి పాడుకోవడం ఖరీదైన అప్పు చేయడమే.

ఇక చట్టం. చీటీలకు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం చీటీ మొదలుపెట్టే ముందు ప్రభుత్వ అనుమతి పొందాలి. రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించాలి. నడిపేవారు చీటీ మొత్తానికి తగిన హామీ జమ చేయాలి. సభ్యులకు ఒప్పందం ప్రతి ఇవ్వాలి. 2019లో చేసిన సవరణతో నడిపేవారి కమీషను గరిష్ఠ పరిమితి 5 శాతం నుండి 7 శాతానికి పెరిగింది. వివాదం వస్తే రిజిస్ట్రారు వద్ద పరిష్కారం కోరవచ్చు. ఈ రక్షణలన్నీ నమోదైన చీటీకే.

గల్లీలో నడిచే నమోదు కాని చీటీలో చేరే కుటుంబానికి ఉన్న హామీ ఒక్కటే: నమ్మకం. వలస వచ్చిన చోట ఈ నమ్మకం మరింత బలంగా ఉంటుంది. “మన భాషవాడు, మన వైపువాడు, మోసం చేస్తాడా?” అని పావతి అడగడానికి మొహమాటపడతారు. పరాయి చోట కష్టానికి అక్కరకొచ్చేది ఆ బంధమే. డబ్బు దగ్గర ప్రశ్న అడగనివ్వనిదీ ఆ బంధమే. చీటీ నడిపే మనిషి చెడ్డవాడు కానక్కర లేదు. ముందుగా పాడుకున్న ఇద్దరు ముగ్గురు ఊరు విడిచి వెళ్ళినా చాలు, మిగిలిన పదిహేడు మంది కష్టార్జితం చిక్కులో పడుతుంది. అడ్డా కూలీ, కుట్టుపని, హోటలు పని చేసి కూడబెట్టిన డబ్బు అలా పోతే ఆడపిల్ల చదువు ఆగుతుంది, ఊరి అప్పు పెరుగుతుంది.

కాబట్టి పావతి అడగడం అవమానించడం కాదు. ప్రతి చెల్లింపుకూ రాతపూర్వకమైన రసీదు, ప్రతి పాటకూ సంతకాలతో పుస్తకం, నమోదు సంఖ్య, ఒప్పందం ప్రతి ఉన్నాయో లేవో చూడాలి. అవి లేని చీటీలో ఆరు నెలల ఇంటి ఖర్చుకు మించిన డబ్బు పెట్టడం ఏ విధంగానూ క్షేమం కాదు. కొత్త సభ్యులను చేర్చిన కొద్దీ డబ్బు వస్తుందని చెప్పే గొలుసు పథకాలైతే 1978 నుండే చట్టరీత్యా నిషిద్ధం.

బ్యాంకు, పతసంస్థ

మహారాష్ట్ర నగరాల్లో బ్యాంకుల పక్కనే పతసంస్థలు కనిపిస్తాయి. రెంటి బోర్డులూ ఒకేలా ఉండవచ్చు, లోపల కౌంటర్లూ ఒకేలా ఉండవచ్చు. కాని భేదం పెద్దది. వాణిజ్య బ్యాంకుల్లో, సహకార బ్యాంకుల్లో దాచిన డబ్బుకు డిపాజిట్ ఇన్సూరెన్స్ సంస్థ ద్వారా ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల దాకా భీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరి 4 నుండి ఈ పరిమితి అమలులో ఉంది. అంతకు ముందు అది లక్ష రూపాయలే. పతసంస్థ అంటే సహకార పరపతి సంఘం. దానిలోని ఠేవీలకు, అనగా డిపాజిట్లకు, ఈ భీమా లేదు. వడ్డీ ఒక శాతమో రెండు శాతాలో ఎక్కువ ఇస్తారన్న కారణంతో కుటుంబం మొత్తం పొదుపునూ అక్కడే పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆడపిల్ల పదేళ్ళ లోపు వయసులో ఉంటే తపాలా కార్యాలయంలో సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. సంవత్సరానికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర కట్టవచ్చు. బ్యాంకు ఖాతా ఉన్నవారు ప్రధానమంత్రి సురక్షా భీమాలో సంవత్సరానికి 20 రూపాయలతో, జీవన్ జ్యోతి భీమాలో 436 రూపాయలతో చేరవచ్చు. మొదటిది ప్రమాదానికి, రెండవది ఏ కారణంగా మరణం సంభవించినా వర్తిస్తుంది. రెంటిలోనూ భీమా మొత్తం 2 లక్షలు. ఈ భీమాలు జూన్ 1 నుండి మే 31 దాకా లెక్క. అందువల్ల మే నెలాఖరులో ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోవాలి. లేకపోతే భీమా ఆగిపోతుంది, ఇంట్లోవారికి ఆ సంగతి కూడా తెలియదు.

ఫోనులో డబ్బు పంపేవారు ఒక్క సూత్రం మరువరాదు. డబ్బు పంపడానికే పిన్ నొక్కాలి, రావడానికి పిన్ అక్కర లేదు. “మీకు డబ్బు వస్తుంది, పిన్ నొక్కండి” అన్నవారు దొంగలే. ఓటీపీ అడిగేవారూ అంతే. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు తెలియజేయాలి. ఖాతాదారు తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా ఇతరుల వల్ల డబ్బు పోయినప్పుడు, మూడు పనిదినాల లోపల బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుపై భారం పడదని రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశించింది. ఓటీపీ తానే చెప్పినవారికి మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం తమదే అవుతుంది.

శాస్తి అనే మాట

నగరపాలిక పంపే పన్ను బిల్లు మరాఠీలో ఉంటుంది. ఘర్‌పట్టీ అంటే ఇంటి పన్ను. పాణీపట్టీ అంటే నీటి పన్ను. థకబాకీ అంటే పాత బకాయి. శాస్తి అన్న మాట మాత్రం తెలుగువారికి అనువాదం లేకుండానే అర్థమవుతుంది. గడువు దాటిన పన్నుపై పడే జరిమానా అది. మహారాష్ట్ర నగరపాలికల చట్టం ప్రకారం అది నెలకు 2 శాతం, అంటే తెలుగు లెక్కలో రెండు రూపాయల వడ్డీ. 4,000 రూపాయల పన్నును ఒక సంవత్సరం ఆలస్యం చేస్తే శాస్తి 960 రూపాయలు. చీటీ పాడి పన్ను కట్టేదాకా ఆగడం కంటే, వార్షిక ఖర్చుల కాగితంలో దానిని కూడా చేర్చి నెలనెలా దాచడం మేలు.

అద్దెకున్నవారు భాడే కరార్‌ను, అనగా అద్దె ఒప్పందాన్ని, అడిగి తీసుకోవాలి. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టరు కావాలి. రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిది. ముందస్తుగా ఇచ్చిన డిపాజిట్ ఎంత, తిరిగి ఎప్పుడిస్తారు, కరెంటు బిల్లు, నీటి పన్ను ఎవరు కడతారు అన్నవి అందులో ఉండాలి. చదవలేని భాషలో ఉన్న కాగితంపై చదివించుకోకుండా సంతకం చేయరాదు. బడికి వెళ్ళే పిల్లలు మరాఠీ చక్కగా చదువుతారు. వారితో చదివించడం చిన్నతనం కాదు.

తెలంగాణలోనో, ఆంధ్రప్రదేశ్‌లోనో రేషను కార్డున్న కుటుంబం, ఆ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం పరిధిలోనిదైతే, ఆధార్ వేలిముద్రతో ఇక్కడి చౌకధర దుకాణంలో కూడా తమ వాటా ధాన్యం తీసుకోవచ్చు. ఊళ్ళో ఉన్నవారు కొంత అక్కడ, నగరంలో ఉన్నవారు కొంత ఇక్కడ తీసుకొనే వీలు కూడా ఉంది.

ఇంటి కాఫీ

మరాఠ్వాడాలో చాయ్ రాజ్యమేలుతుంది. అయినా చాలా తెలుగు ఇళ్ళలో ఉదయం కాఫీతోనే మొదలవుతుంది. బయట కప్పు 20 రూపాయలనుకుంటే, ఇద్దరు మనుషులు రోజుకు రెండేసి తాగితే నెలకు 120 కప్పులు, 2,400 రూపాయలు. ఇంట్లో ఒక కప్పుకు 10 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల పాలు కావాలి. పొడి కిలో 600, పాలు లీటరు 60 అయితే రెండూ ఆరేసి రూపాయలు. చక్కెర, గ్యాసు కలిపి 2 రూపాయలు. మొత్తం 14. అంటే ఇంటి కాఫీ ఉచితం కాదు గాని, నెలకు 720 రూపాయలు మిగులుతాయి. పైన చెప్పిన రెండు భీమాలకు ఒక మనిషికి సంవత్సరానికి 456 రూపాయలు సరిపోతాయి. ఒక్క నెల కాఫీ ఆదాతోనే ఆ పని పూర్తవుతుంది. ధరలు మారుతుంటాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

డబ్బు మిగిలినా రుచి పోతే మళ్ళీ హోటలు దారే పడతారు. అందుకని పద్ధతి తెలియాలి. నాలుగు కప్పులకు 40 గ్రాముల పొడి ఫిల్టరు పై గిన్నెలో వేసి, గట్టిగా నొక్కకుండా సమంగా సర్దాలి. నీళ్ళు మరిగించి, దించి అర నిమిషం ఆగి, 300 మిల్లీలీటర్లు నెమ్మదిగా పోయాలి. పొడి కొంత నీరు పీల్చుకోగా 200 మిల్లీలీటర్లకు పైగా డికాక్షన్ దిగుతుంది. ఇందుకు పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. మరీ వేగంగా దిగితే పొడి ముతకది, లేదా తక్కువగా నొక్కినది. అసలు దిగకపోతే పొడి మరీ మెత్తనిది, లేదా ఫిల్టరు రంధ్రాలు పూడుకున్నాయి. డికాక్షన్‌ను పొయ్యి మీద మరిగించరాదు, చేదెక్కుతుంది. వేడి పాలలో కలిపితే చాలు. చల్లారితే గిన్నెను వేడినీళ్ళలో ఉంచి వెచ్చబెట్టాలి.

బోరు నీరు వాడే ఇళ్ళలో కాఫీ చప్పగా ఉండడానికి నీటి కాఠిన్యం ఒక కారణం. ఆ నీటితో ఫిల్టరుకు తెల్లటి పొర కూడా పడుతుంది. నిమ్మరసం కలిపిన వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమితే పోతుంది. తాగడానికి వాడే మంచినీటితోనే కాఫీ కాయడం ఉత్తమం.

పొట్లం కొనేటప్పుడు చికోరీ ఎంత శాతమో చదవాలి. చికోరీ కలిపిన కాఫీలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, రెంటి శాతాలూ పొట్లంపై అచ్చువేయాలని నిబంధన ఉంది. చికోరీ చిక్కదనాన్ని, రంగును ఇస్తుంది గాని కాఫీ పరిమళాన్ని ఇవ్వదు. సగానికి సగం చికోరీ ఉన్న పొడిని కాఫీ ధరకు కొనడం నష్టం. ఊరి నుండి వచ్చేవారు అరకు కాఫీ తెస్తే, అది తెలుగు నేల పంటే. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గిరిజన రైతులు పండించే ఆ కాఫీని ఒక్కసారిగా కిలోల కొద్దీ కొనడం మాత్రం తగదు. పొడి చేసిన కాఫీ పరిమళం రెండు మూడు వారాల్లోనే తగ్గుతుంది. పావు కిలో చొప్పున కొని, గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చల్లని అలమరలో ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తుంటే డబ్బాలో చెమ్మ చేరుతుంది.

ఆరోగ్యం విషయంలో రెండు జాగ్రత్తలు. భోజనంతో పాటు కాఫీ గాని, చాయ్ గాని తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న స్త్రీలు, ఎదిగే ఆడపిల్లలు భోజనానికి కనీసం గంట ఎడంగా తాగాలి. గర్భిణులు వైద్యుని సలహాతో రోజుకు ఒకటి రెండు చిన్న కప్పులకు మించకుండా చూసుకోవాలి. వాడిన కాఫీ పిప్పి తడిచెత్త. దానిని తడిచెత్త బుట్టలో వేయవచ్చు, లేదా ఎరువులో కలిపి తులసి కుండీకి వాడుకోవచ్చు. నీళ్ళ తొట్టి గొట్టంలో పోస్తే మాత్రం అది పేరుకుని గొట్టం మూసుకుపోతుంది.

చేతి కెమెరా

నాందేడ్ ఒకనాడు నిజాం రాజ్యంలో భాగం. ఆ రాజ్యంలో ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా పేరొందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకల మీద తీసిన ఫొటోల నెగెటివ్‌లు నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. గాజు పలకలు నూరేళ్ళు దాటి నిలిచాయంటే అది భద్రపరచిన తీరు వల్లనే. మరో వైపు నిరుడు తీసిన పెళ్ళి ఫొటోలు ఫోను పాడై పోయాయని బాధపడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి బతికే యువకులకు కెమెరా పనిముట్టు, రైతుకు ఎద్దు వంటిది. దానికి మొదటి శత్రువు వానాకాలపు చెమ్మ. గాలిలో తేమ 60 శాతం దాటి, చీకటిలో, గాలి ఆడని చోట ఎక్కువ రోజులు ఉంటే లెన్సు లోపలి అద్దాలపై బూజు పడుతుంది. సన్నని సాలెగూడు వంటి ఆ తీగలు అద్దం పూతను తినివేస్తాయి. అప్పుడు మరమ్మతు చేయించినా మచ్చ మిగలవచ్చు. జూన్ నుండి సెప్టెంబరు దాకా కెమెరాను తోలు సంచిలోనో, బట్టల బీరువాలోనో ఉంచరాదు. రబ్బరు అంచు ఉన్న గాలి చొరని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి. ఒక చిన్న తేమ మీటరు కూడా పెడితే, తేమ 40–50 శాతం మధ్య ఉండేలా చూసుకోవచ్చు. సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చు. అది తినే వస్తువు కాదు కనుక పిల్లలకు, వంటపాత్రలకు దూరంగా ఉంచాలి. కొందరు బియ్యంలో కెమెరాను పూడ్చుతారు. బియ్యం తేమను అంతగా పీల్చదు, పైగా దాని పొడి లోపలికి చేరుతుంది. ఖరీదైన డబ్బా కంటే మంచి మందు వాడకమే. వారానికొకసారి బయటకు తీసి నాలుగు ఫొటోలు తీస్తే బూజుకు అవకాశం తగ్గుతుంది.

రెండవ శత్రువు దుమ్ము. ఎండాకాలపు దుమ్ము, హోళీ రంగులు, ఊరేగింపుల గులాలు సన్నని రంధ్రాల గుండా లోపలికి పోతాయి. అటువంటి చోట లెన్సు మార్చరాదు. కెమెరాకు పారదర్శకమైన కవరు తొడగాలి. ఇంటికి రాగానే ముందు రబ్బరు బ్లోయరుతో ఊదాలి, తర్వాత మెత్తని బ్రష్షు, చివరగా లెన్సు గుడ్డ. ఈ వరుస తప్పితే ఇసుక రేణువుతో అద్దాన్ని రుద్దినట్లే. చొక్కా అంచుతో తుడవరాదు, నోటితో ఊదరాదు. తుడిచే ద్రవాన్ని గుడ్డ మీద వేయాలి గాని లెన్సు మీద పోయరాదు. లోపలి సెన్సరును అనుభవం లేనివారు తాకకపోవడమే మంచిది. ఏసీ హాలు నుండి బయటి ఉక్కలోకి వచ్చినప్పుడు అద్దంపై ఆవిరి పడుతుంది. కెమెరాను సంచిలోనే అరగంట ఉంచి ఆ తర్వాత తీస్తే ఆ బెడద ఉండదు.

కార్డులోని ఫొటోలే అసలు ఆస్తి. కెమెరా ఆపిన తర్వాతే కార్డు తీయాలి. ఫొటోలు రెండు చోట్ల భద్రపరచిన తర్వాతే కెమెరాలోనే కార్డును ఫార్మాట్ చేయాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే ఇంట్లో అన్నది వృత్తివారు పాటించే నియమం. ఊళ్ళో అన్నగారి ఇంట్లో ఒక హార్డ్ డిస్కు ఉంచడం తెలుగు కుటుంబాలకు కష్టమేమీ కాదు. ముఖ్యమైన ఫొటోలు పది కాగితంపై అచ్చు వేయించుకుంటే ఏ పాస్‌వర్డూ లేకుండా అమ్మమ్మ కూడా చూడగలదు.

ఎక్కువ రోజులు వాడనప్పుడు బ్యాటరీని తీసి, సగం చార్జితో చల్లని చోట ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడకం నుండి తప్పించాలి. దానిని చెత్తబండిలో వేస్తే నిప్పు రగిలే ప్రమాదం ఉంది, దాని వల్ల దెబ్బతినేది పారిశుధ్య కార్మికుల చేతులే. పాత బ్యాటరీలు, చార్జర్లు ఈ-వ్యర్థాలు సేకరించే కేంద్రానికో, అమ్మిన దుకాణానికో ఇవ్వాలి.

కెమెరా సీరియల్ నంబరు, బిల్లు ఫొటో తీసి దాచుకోవాలి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఆ నంబరు రాసిన పావతి తీసుకోవాలి. ఫోనే కెమెరా అయిన వారు *#06# నొక్కి ఐఎమ్‌ఈఐ నంబరు రాసి ఉంచుకోవాలి. ఫోను పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, సంచార్ సాథీ ద్వారా దానిని నిలిపివేయించవచ్చు. వృత్తికి వాడే 60,000 రూపాయల కెమెరా ఐదేళ్ళు పనిచేస్తుందనుకుంటే, నెలకు 1,000 రూపాయలు పక్కన పెట్టినవారు ఆరో ఏట అప్పు లేకుండా కొత్తది కొంటారు. పెళ్ళిళ్ళ నెలల ఆదాయమంతా లాభమనుకొని ఖర్చు చేసినవారు మళ్ళీ మూడు రూపాయల వడ్డీ దగ్గరికే వెళ్ళవలసి వస్తుంది.

ఈ నెలలో చేయదగినవి

ఇన్ని మాటల్లో ఏవి ముందన్న సందేహం రావచ్చు. ఈ నెలలో ప్రతి కుటుంబమూ నాలుగు పనులు చేస్తే చాలు. మొదటిది, వార్షిక ఖర్చుల కాగితం రాసి 12తో భాగించడం. రెండవది, కడుతున్న చీటీకి నమోదు సంఖ్య, పావతి ఉన్నాయో లేవో అడగడం. మూడవది, డబ్బు దాచిన చోటు బ్యాంకా, పతసంస్థా అని తెలుసుకొని, ప్రతి ఖాతాలో నామినీ పేరు సరిచూడడం. నాలుగవది, ఆధార్, రేషను కార్డు, అద్దె ఒప్పందం, పాలసీలు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు ఫొటో తీసి, నమ్మకమైన మరొక చోట ఒక ప్రతి ఉంచడం. గోదావరికి వరద వచ్చినప్పుడు తడిసిపోయే కాగితాలు ఇవే.

ఈ నాలుగు పనులకు ఒక ఆదివారం ఉదయం సరిపోతుంది. భార్యాభర్తలు కలిసి, మరాఠీ చదవగల పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చేస్తే, ఇంటి పరిస్థితి ఏమిటో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.